ఒకే రక్తం, రెండు రిపోర్టులు: కలిపి చదవాలి

ఆసుపత్రికి వెళ్లిన మనిషి చేతి నుంచి ఒకేసారి తీసిన రక్తం ల్యాబ్‌లోకి వెళ్లగానే రెండు దారులు పడుతుంది. ఊదారంగు మూత ఉన్న ట్యూబు రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం దగ్గరకు, బూడిదరంగు మూత ఉన్న ట్యూబు షుగర్ చూసే యంత్రం దగ్గరకు చేరతాయి. పెద్ద ల్యాబుల్లో ఆ రెండు విభాగాలూ వేరు, అక్కడ పనిచేసేవాళ్లూ వేరు. చివరికి వచ్చే కాగితాలు కూడా రెండు: ఒకటి సీబీపీ, ఇంకొకటి షుగర్ రిపోర్టు. రోగి చేతికి రెండూ వస్తాయి గానీ, ఒకదాన్ని రెండోదాని పక్కన పెట్టి చదివే అలవాటు మన దగ్గర బలపడలేదు. ఆ అలవాటు లేకపోతే నష్టం ఉంది. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగినప్పుడు ఎర్ర రక్తకణాల పరిమాణం గురించి యంత్రం చెప్పే అంకె తప్పుతుంది. రక్తకణాల్లో లోపం ఉన్నప్పుడు షుగర్ గురించి చెప్పే ముఖ్యమైన అంకె కూడా తప్పుతుంది. కాబట్టి ఈ రెండింటినీ కలిపి చదివే ఏర్పాటు ల్యాబ్‌లోనే జరగాలి. దాన్ని రోగి తెలివితేటలకో, రోజుకు వంద మందిని చూసే వైద్యుడి జ్ఞాపకశక్తికో వదిలేయకూడదు.

సీబీపీ కాగితంలో ఎంసీవీ అనే వరస ఒకటి ఉంటుంది. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం అది. పెద్దవాళ్లలో సాధారణంగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటుంది. రక్తహీనతకు కారణం వెతికే వైద్యుడు ముందుగా చూసేది ఈ అంకెనే. కణాలు చిన్నవైతే ఐరన్ లోపమో, తలసేమియా లక్షణమో ఉందేమోనని అనుమానిస్తారు. పెద్దవైతే బీ12, ఫోలిక్ యాసిడ్ లోపాల వైపు, థైరాయిడ్, కాలేయం, మద్యం అలవాటు వైపు చూస్తారు. ఇంత బరువు మోసే అంకెను యంత్రం ఎలా కొలుస్తుందో చాలామందికి తెలియదు. అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతే ఇప్పటికీ అనేక యంత్రాలకు ఆధారం. రక్తాన్ని ఉప్పు ద్రావణంలో బాగా పలచన చేసి, కంటికి కనిపించనంత సన్నటి రంధ్రం గుండా ఒక్కో కణాన్ని పోనిస్తారు. ఆ రంధ్రంలో ప్రవహిస్తున్న విద్యుత్తుకు కణం క్షణకాలం అడ్డుపడుతుంది. అడ్డు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దదని లెక్క. అంటే యంత్రం కొలిచేది మన రక్తనాళాల్లో తిరుగుతున్న కణాన్ని కాదు, తన ద్రావణంలో తేలుతున్న కణాన్ని. మామూలు రక్తంలో ఈ రెండింటికీ తేడా ఉండదు. ఎందుకంటే ఆ ద్రావణాన్ని మామూలు రక్తానికి సరిపోయేలా తయారు చేస్తారు.

చక్కెర బాగా పెరిగిన రక్తంలో ఆ పొత్తు చెడుతుంది. కండరాల కణాలు చక్కెరను లోపలికి తీసుకోవడానికి ఇన్సులిన్ కావాలి. ఎర్ర రక్తకణానికి ఆ అవసరం లేదు. దాని పొరలోని గ్లూకోజ్ ద్వారాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అందుకే బయటి ద్రవంలో చక్కెర పెరిగితే కణం లోపలా దాదాపు అంతే పెరుగుతుంది. రక్తద్రవంలో కరిగి ఉన్న పదార్థాల గాఢతను ఆస్మోలాలిటీ అనే కొలతతో చెబుతారు. మామూలుగా అది 290 దగ్గర ఉంటుంది. డెసీలీటరుకు 900 మిల్లీగ్రాముల చక్కెర ఉంటే అందులో చక్కెర వాటాయే 50 దాకా వస్తుంది. మామూలు రోజుల్లో ఆ వాటా 5 చుట్టూ ఉంటుంది. ఒంట్లో ఉన్నంతసేపు కణం లోపలా బయటా చక్కెర సమానమే కాబట్టి ఆ చక్కెర వల్ల చిక్కేమీ లేదు. యంత్రంలోని ద్రావణంలో పడగానే పరిస్థితి తారుమారవుతుంది. లోపల చక్కెర నిండుగా ఉంది, బయట దాదాపు లేదు. చక్కెర బయటకు పోవడానికి పట్టే వ్యవధి కన్నా నీరు లోపలికి రావడానికి పట్టే వ్యవధి తక్కువ. నీళ్లలో వేసిన కిస్మిస్ ఉబ్బినట్టు కణం ఉబ్బుతుంది. కాసేపు ఆగితే చక్కెర బయటకు జారిపోయి కణం తన సహజ పరిమాణానికి వచ్చేస్తుంది. కానీ యంత్రం ఆగదు. పలచన చేసిన కొద్ది సెకన్లలోనే కొలిచేస్తుంది. అది కొలిచిన క్షణంలో కణం నిజంగానే పెద్దది. ఆ పెద్దతనం మాత్రం రోగి శరీరానిది కాదు. 1980ల తొలి ఏళ్లలోనే వైద్య పత్రికలు ఈ సంగతిని నమోదు చేశాయి. సాధారణంగా చక్కెర 600 మిల్లీగ్రాములు దాటిన దగ్గర్నుంచి ఈ తేడాను పట్టించుకోవాల్సి ఉంటుంది.

పొరపాటు ఒక్క అంకెతో ఆగదు. సీబీపీలోని కొన్ని అంకెలు నేరుగా కొలిచినవి, కొన్ని వాటి నుంచి లెక్కగట్టినవి. ఉదాహరణకు ఒకరి హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, ఎర్రకణాల సంఖ్య 45 లక్షలు, అసలు ఎంసీవీ 84 అనుకుందాం. యంత్రం ఈ సంఖ్యనూ పరిమాణాన్నీ గుణించి, రక్తంలో కణాల వాటా అయిన పీసీవీని 37.8 శాతంగా చెబుతుంది. హిమోగ్లోబిన్‌ను దానితో భాగించి, కణంలో హిమోగ్లోబిన్ గాఢత అయిన ఎంసీహెచ్‌సీని 33 అని చెబుతుంది. అన్నీ మామూలే. ఇప్పుడు చక్కెర వల్ల కణాలు ఉబ్బి ఎంసీవీ 94 అని వచ్చిందనుకోండి. పీసీవీ 42.3కి ఎగబాకుతుంది, ఎంసీహెచ్‌సీ 29.6కి పడిపోతుంది. మనిషి ఒంట్లో ఒక్క చుక్క రక్తమూ మారలేదు. కాగితం మీద మాత్రం మూడు అంకెలు మారాయి. ఒకటి కణాలు పెద్దవయ్యాయంటుంది, ఇంకొకటి రక్తం చిక్కబడిందంటుంది, మూడోది కణాల్లో హిమోగ్లోబిన్ పలచబడిందంటుంది. ఇంత గందరగోళంలోనూ నమ్మదగ్గవి రెండున్నాయి. హిమోగ్లోబిన్‌ను కణాలను పగలగొట్టి కొలుస్తారు కాబట్టి ఉబ్బుతో దానికి పనిలేదు. కణాల సంఖ్య కూడా మారదు, కణం ఉబ్బినా ఒకటి ఒకటే. చక్కెర ఎక్కువగా ఉన్న రోగి సీబీపీలో ముందు ఈ రెండింటినీ పట్టుకోవాలి.

తప్పు అంకె రెండు వైపులా దెబ్బతీస్తుంది. మొదటిది లేని జబ్బును చూపడం. ఎంసీవీ 100 దాటి ఎదురుగా పెద్ద అక్షరాల్లో 'హై' అని కనిపిస్తే బీ12 పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, కాలేయ పరీక్ష వరసగా రాస్తారు. పరీక్షలు చేయించే స్తోమత లేనిచోట నేరుగా బీ12 ఇంజెక్షన్ల కోర్సు మొదలవుతుంది. మధుమేహ రోగుల విషయంలో ఈ పొరపాటుకు మరింత అవకాశం ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 నిజంగానే తగ్గుతుంది. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లో దీని మీద వైద్యులను ప్రత్యేకంగా హెచ్చరించింది. అందువల్ల మెట్‌ఫార్మిన్ వాడే వ్యక్తికి ఎంసీవీ పెరిగిందంటే కారణం బీ12 లోపమేనని సులువుగా ఒప్పేసుకుంటారు. అది నిజమూ కావచ్చు, ఆ రోజు చక్కెర చేసిన మాయా కావచ్చు. అప్పటి షుగర్ అంకె చూడకుండా ఏది నిజమో చెప్పలేం. అరికాళ్ల మంటలకు, తిమ్మిర్లకు బీ12 లోపమూ కారణమే, అదుపులో లేని షుగరూ కారణమే కాబట్టి ఈ తేడా తేల్చడం రోగికి ఎంతో అవసరం.

రెండో దెబ్బ మన రాష్ట్రాలకు ఎక్కువ వర్తిస్తుంది. అది ఉన్న జబ్బును దాచడం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి మించే. ఈ రక్తహీనతకు ప్రధాన కారణాల్లో ఐరన్ లోపం ఒకటి. ఐరన్ లోపంలో కణం చిన్నదవుతుంది. ఎంసీవీ 74కు తగ్గిన ఒక మహిళ చక్కెర అదుపు తప్పి ఆసుపత్రిలో చేరితే, ఉబ్బిన ఆ కణాలను యంత్రం 82 అని కొలిచే అవకాశం ఉంది. 82 మామూలు పరిధిలోని అంకె, దాని ఎదుట ఏ గుర్తూ పడదు. హిమోగ్లోబిన్ తక్కువని తెలిసినా, కణాలు మామూలుగానే ఉన్నాయి కదా, దీర్ఘకాలిక జబ్బు వల్ల వచ్చిన రక్తహీనతేమోలే అని వదిలేసే ప్రమాదం ఉంది. షుగర్ తగ్గాక ఆమె ఇంటికి వెళ్తుంది. ఐరన్ లోపం మాత్రం ఆమెతోనే ఉండిపోతుంది. తప్పుడు 'హై' గుర్తు కనీసం ఎవరో ఒకరిని మళ్లీ చూసేలా చేస్తుంది. తప్పుడు 'నార్మల్' మీదకు ఎవరి చూపూ పోదు. అందుకే ఈ రెండో పొరపాటే ఎక్కువ ప్రమాదకరం.

అసలు ఉబ్బుకీ యంత్రంలో పుట్టిన ఉబ్బుకీ తేడా తెలుసుకోవడం కష్టమైన పనేమీ కాదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రోజుకు నూటికి ఒక కణం చొప్పున మాత్రమే కొత్తవి వచ్చి చేరతాయి. బీ12 లోపంతో కణాలు పెద్దవి కావాలంటే వారాలు, నెలలు పడుతుంది. మందులతో మళ్లీ మామూలు కావడానికీ అంతే కాలం కావాలి. రక్తం ఎక్కించడం వంటిదేమీ జరగకుండా నిన్న 86 ఉన్న ఎంసీవీ ఇవాళ 97 కావడం ఎముక మజ్జ వల్ల అయ్యే పని కాదు. సెలైన్, ఇన్సులిన్ ఇచ్చి చక్కెర తగ్గించిన మర్నాడే ఎంసీవీ కిందికి దిగిందంటే అంతకుముందు చూసింది పరికరం తెచ్చిన తేడా అనే అర్థం. అంతదాకా ఆగలేకపోతే ల్యాబ్‌లోనే తేల్చుకోవచ్చు. రక్తాన్ని ద్రావణంలో ముందుగానే పలచన చేసి, చక్కెర సమతూకానికి వచ్చేదాకా కొన్ని నిమిషాలు ఉంచి, తర్వాత యంత్రంలో పెడితే అసలు పరిమాణం బయటపడుతుంది. ఇంకా పాత పద్ధతి కూడా ఉంది. సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు ఎంత ఎత్తున పేరుకున్నాయో స్కేలుతో చూడటం. ఇందులో పలచన చేయడమే లేదు కాబట్టి ఈ ఉబ్బు పుట్టదు. యంత్రం చెప్పిన పీసీవీ, గొట్టంలో చూసిన పీసీవీ పొసగకపోతే దోషం ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనూ చేయదగ్గ పరీక్ష ఇది.

చక్కెర రక్తకణాల కొలతను చెడగొట్టినట్టే రక్తకణాలు చక్కెర కొలతను చెడగొట్టడమూ ఉంది. మూడు నెలల షుగర్ అని అందరూ పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలిచేది ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. కణం ఎక్కువ రోజులు బతికితే ఎక్కువ అంటుకుంటుంది, తొందరగా చనిపోతే తక్కువ అంటుకుంటుంది. ఐరన్ లోపం ఉన్నవారిలో చక్కెర పెరగకపోయినా ఈ అంకె పెరిగినట్టు కనిపించవచ్చు. 6.5 శాతం దగ్గర గీత గీసి మధుమేహాన్ని నిర్ధారిస్తున్నప్పుడు ఆ కాస్త పెరుగుదలే ఒక మహిళను జీవితాంతం షుగర్ పేషెంటుగా ముద్ర వేయవచ్చు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో కణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి అంకె తగ్గి కనిపిస్తుంది. ఈ జబ్బు కనిపించే పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసే వైద్యులకు ఇది ఏదో పుస్తకంలో చదివి వదిలేసే విషయం కాదు. ఉద్దానంలో మాదిరి కిడ్నీ జబ్బు బారిన పడి డయాలసిస్ మీద ఉన్నవారికి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ల వల్ల కొత్త కణాలు ఎక్కువగా పుట్టి అంకె తగ్గుతుంది. అలాంటివారికి షుగర్ అదుపులో ఉందన్న భరోసా అబద్ధం కావచ్చు. ఇక్కడా మందు ఒకటే. హెచ్‌బీఏ1సీ పక్కన సీబీపీ పెట్టి చూడాలి, అవి పొసగకపోతే గ్లూకోజ్‌నే నేరుగా కొలవాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఇంత అరుదైన విషయానికి ఇంత రాద్ధాంతమెందుకని. చక్కెర 600 దాటేవాళ్లు ఎంతమంది, 150, 200 మధ్య ఉండేవాళ్లకు దీంతో పనేముందని అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. రోజూ నడకకు వెళ్లి, మాత్రలు వేసుకుని, షుగర్‌ను ఓ మాదిరిగా అదుపులో పెట్టుకున్న మనిషి సీబీపీలో ఈ తేడా లెక్కలోకి రాదు. వాళ్లు దీన్ని చదివి కంగారు పడనక్కర్లేదు. కానీ భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇంతమందిలో కొద్ది శాతానికి అదుపు తప్పినా అది చిన్న సంఖ్య కాదు. వాళ్లంతా చేరేది ఒకే చోటికి, అత్యవసర విభాగానికి. కీటోఅసిడోసిస్‌తో వచ్చిన యువకుడు, ఇన్ఫెక్షన్ ముదిరి చక్కెర 900 దాటి మగతలో ఉన్న వృద్ధురాలు, ఇంట్లో గ్లూకోమీటర్ అంకె చూపకుండా 'హై' అని చూపితే పరుగున తీసుకొచ్చిన రోగి అక్కడే కనిపిస్తారు. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో, ఎంత సెలైన్ ఎక్కించాలో అక్కడ గబగబా నిర్ణయించాలి. పీసీవీ పెరగడం నీరు తగ్గిందనడానికి ఒక సూచన. ఈ రోగుల్లో నీరు నిజంగానే తగ్గి ఉంటుంది, దానికి యంత్రం తెచ్చిన పెరుగుదల తోడవుతుంది. రెండూ కలిసిన అంకెను చూసి లెక్క వేయడం సరికాదు. మొత్తం జనాభాలో అరుదైనది ఆ వార్డులో అరుదు కాదు.

వైద్యులకు ఇవన్నీ తెలిసినవే, పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే అన్నది రెండో అభ్యంతరం. పాథాలజీ చదివినవారికి తెలుసు, నిజమే. అయితే ఈ రోజుల్లో రిపోర్టు ముందుగా చేరేది పాథాలజిస్టు దగ్గరకో ఫిజీషియన్ దగ్గరకో కాదు, రోగి ఫోనుకు. అక్కడి నుంచి కొడుకు ఫోనుకు, మందుల షాపుకు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తుంది. ఎర్ర అక్షరాల్లో కనిపించే అంకెకు వాళ్లంతా తలా ఒక మందు చెబుతారు. నిపుణుడి తలలో ఉన్న జ్ఞానం కాగితం మీదకు రాకపోతే అది రోగికి అందనట్టే. కొత్త యంత్రాలు ఈ లోపాన్ని సరిదిద్దుకున్నాయి కదా అని మరో మాట వినిపిస్తుంది. ద్రావణంలో ఏమున్నది, పలచన చేశాక ఎంతసేపటికి కొలుస్తుంది అనేదాన్ని బట్టి తేడా తగ్గడమూ పెరగడమూ యంత్రానికో రకంగా ఉంటుంది. అన్ని యంత్రాలూ ఒకేలా తప్పు చేయవు కాబట్టి ఒకే సవరణ సూత్రం అన్నిచోట్లా పనికిరాదు. ప్రతి ల్యాబూ తన యంత్రం ఏ స్థాయి చక్కెర దగ్గర దారి తప్పుతుందో స్వయంగా పరీక్షించి రాసిపెట్టుకోవాలి. కొత్త యంత్రం కొన్నామన్న ధీమా ఈ పనికి ప్రత్యామ్నాయం కాదు.

ఖర్చు, పని భారం గురించిన అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఒక టెక్నీషియన్ రోజుకు వందల నమూనాలు చూసే చోట ఇంకో పని అంటించడం న్యాయం కాదు. కానీ ఇక్కడ అడుగుతున్నది మనిషి చేత చేయించే పని కాదు. నేడు మోస్తరు ల్యాబుల్లో కూడా రిపోర్టులు కంప్యూటర్‌లోనే తయారవుతున్నాయి. ఒకే రోగి నంబరు మీద చక్కెర 600 దాటితే, లేదా ఎంసీవీ పాత రిపోర్టుతో పోలిస్తే కొద్ది రోజుల్లోనే అసహజంగా మారితే, రిపోర్టును విడుదల చేయకుండా ఆపి చూడమని సాఫ్ట్‌వేర్‌కు ఒక నియమం నేర్పడమే కావాల్సింది. అలా ఆగే రిపోర్టులు రోజుకు కొన్నే ఉంటాయి. వాటికి గాజు గొట్టంలో పీసీవీ చూడటం గానీ, ముందుగా పలచన చేసి మళ్లీ పెట్టడం గానీ అనవసరమైన బీ12, థైరాయిడ్ పరీక్షల కన్నా ఎంతో చవక. ఇలాంటి పరిమితులు రాస్తే జనానికి పరీక్షల మీద నమ్మకం పోతుందని భయపడేవారూ ఉన్నారు. కొలత ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో ముందే చెప్పే ల్యాబ్ మీద నమ్మకం పెరుగుతుంది. తప్పు అంకెకు వైద్యం చేయించుకుని, ఆ తర్వాత ఆ జబ్బే లేదని తెలుసుకున్న రోగికే నమ్మకం పోతుంది.

చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. చక్కెర బాగా ఎక్కువగా ఉన్న రోగి సీబీపీ మీద, ఎంసీవీ, పీసీవీ, ఎంసీహెచ్‌సీ అంకెలు చక్కెర వల్ల మారి ఉండవచ్చనీ, షుగర్ తగ్గాక మళ్లీ చూడాలనీ ఒక్క వాక్యం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ముద్రించాలి. హెచ్‌బీఏ1సీ రిపోర్టు మీద హిమోగ్లోబిన్ అంకెను కూడా చూపాలి, రక్తహీనత ఉంటే జాగ్రత్తగా అన్వయించుకోవాలని రాయాలి. ప్రభుత్వ రంగంలో దీన్ని మొదలుపెట్టడం సులభం. తెలంగాణ డయాగ్నస్టిక్స్ వంటి ఏర్పాటులో ఎన్నో ఆరోగ్య కేంద్రాల నమూనాలు ఒకే హబ్‌కు చేరతాయి కాబట్టి ఒక్కచోట నియమం పెడితే జిల్లా అంతటికీ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లోనూ ఇదే చేయవచ్చు. ప్రైవేటు ల్యాబుల నాణ్యతను పరిశీలించే ఎన్ఏబీఎల్ తనిఖీల్లో, అధిక చక్కెర ఉన్న నమూనాలను మీరెలా చూస్తున్నారన్న ప్రశ్న తప్పక ఉండాలి. ఇక రోగులు, వారి కుటుంబాలు చేయగలిగింది కూడా ఉంది. సీబీపీ చూపించేటప్పుడు ఆ రోజు షుగర్ రిపోర్టు, అంతకుముందటి సీబీపీ వెంట తీసుకెళ్లాలి. షుగర్ ఆకాశాన్నంటిన రోజు ఇచ్చిన రక్తంలో కణాలు పెద్దవని తేలితే, అదుపులోకి వచ్చాక పరీక్ష మళ్లీ చేయించకుండా కొత్త ఇంజెక్షన్లకు ఒప్పుకోవద్దు. ఆ రోజు కణాలు మామూలుగా ఉన్నాయని వచ్చినా, హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ సంగతి తేల్చమని వైద్యుడిని అడగాలి. ఇది వైద్యుడిని శంకించడం కాదు, ఆయనకు కావాల్సిన రెండు అంకెలనూ ఒకేసారి ముందు పెట్టడం. ల్యాబులు తమ వంతు పని చేస్తే ఈ భారం కూడా రోగి మీద ఉండదు. అందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ పెద్దగా అక్కర్లేదు. కావాల్సింది ఈ నియమాన్ని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు రాతపూర్వకంగా పెట్టి, అమలయ్యేలా చూడటం.